గాలి ఎగరేసిన పైకప్పు – బీమా ఎంతవరకు ఇస్తుంది?



ఎండలు ముదిరిన నెలల్లో సాయంత్రం పూట నల్లమల మీద మబ్బు కమ్ముకుంటే, మహానంది చుట్టుపక్కల పల్లెల్లో ఇద్దరి గుండెలు దడదడలాడతాయి. ఒకరు అరటి తోట రైతు. మరొకరు రేకుల ఇంటి ఇల్లాలు. అక్కడ వాన కంటే ముందు గాలి వస్తుంది. అరగంట గాలికి గెలలతో నిండుగా ఉన్న అరటి చెట్లు నేలకు ఒరుగుతాయి. అదే గాలికి ఇంటి మీద రేకులు లేస్తాయి. తోట పడిపోతే పదిమంది మాట్లాడుకుంటారు, పేపర్లో వస్తుంది. ఇంటి కప్పు పోతే మాత్రం ఆ ఇంటివాళ్ళే అప్పో సప్పో చేసి, గుట్టుగా మళ్ళీ కప్పుకుంటారు.

తుపాను అంటే కోస్తా వాళ్ళ కష్టం అని మన సీమలో ఒక అభిప్రాయం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిన ఉప్పెన గాని, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ గాని మన దగ్గర రాలేదు, నిజమే. అయితే పేరున్న తుపాను వస్తేనే కప్పు పోతుందా? పేరు లేని ఈదురుగాలి చాలదా? ఇల్లు పోగొట్టుకున్న మనిషికి రెండూ ఒక్కటే. ఇంటి బీమాకు కూడా దాదాపు అంతే. ఆ సంగతి తెలియక నష్టపోయేవారు చాలామంది ఉన్నారు. అందుకే ఈ నెల ఆ విషయం వివరంగా తెలుసుకుందాం.

ఒక ఇంటి కథ

మూడేళ్ళ కిందట మే నెలలో మా పెద్దమ్మ ఇంట జరిగిన సంగతి చెబుతాను. ఆమె ఊరు మహానందికి నాలుగు మైళ్ళు. ముందు రెండు గదులు, ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు. వెనుక బోదతో కప్పిన చిన్న కొట్టం, అందులో వంట. ఆ సాయంత్రం గాలికి 14 రేకుల్లో 6 లేచిపోయాయి. ఒకటి పక్కవాళ్ళ దొడ్లో పడింది. రెండు పగిలి ఇంట్లోనే మంచం మీద పడ్డాయి. దేవుని దయవల్ల అప్పుడు మంచం మీద ఎవరూ లేరు. తరువాత వచ్చిన వానకు టీవీ, పరుపు, బట్టల పెట్టె అన్నీ నానిపోయాయి. కొట్టం పూర్తిగా కూలిపోయింది.

మరునాడు నంద్యాల నుంచి ఆమె కొడుకు, అంటే మా అన్న, వచ్చాడు. ఆ ఇల్లు కట్టినప్పుడు అతడు బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. పెట్టెలో కాగితాలు వెదుకుతుంటే ఒక బీమా పాలసీ కనబడింది. "ఇది అప్పు కోసం బ్యాంకోళ్ళు పెట్టించిన అగ్గి బీమా. గాలికి రాదులే" అని పక్కన పెట్టబోయాడు. నేను తీసుకుని చదివాను. అది గాలికి కూడా వర్తించే పాలసీ. ఏటా అప్పుతో పాటు ప్రీమియం కూడా కట్టుకుంటూ, తమకు బీమా ఉందన్న సంగతే తెలియకుండా ఆ ఇంటివాళ్ళు ఉన్నారు.

మీలో ఎవరైనా ఇంటి కోసం బ్యాంకు అప్పు తీసుకుని ఉంటే ముందుగా ఈ పని చేయండి. బ్యాంకుకు వెళ్ళి "నా ఇంటి బీమా పాలసీ నకలు ఇవ్వండి" అని అడిగి తీసుకోండి.

పాలసీలో ఏముంటుంది?

2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోని సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్ళకు ఒకే నమూనా పాలసీ అందించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. దాని పేరు "భారత్ గృహ రక్ష". కంపెనీ ఏదైనా ముఖ్యమైన షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, గాలివాన, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడడం – ఇవన్నీ అందులో ఉన్నాయి. చెట్టు విరిగి ఇంటి మీద పడినా, వాహనం వచ్చి గోడను గుద్దినా అది కూడా ఉంది. కాబట్టి కప్పు సంగతిలో గాలి, గాలి విరిచిన చెట్టు, పిడుగు – మూడింటికీ రక్షణ ఉన్నట్టే.

ఇంటి భవనానికి ఈ పాలసీ తీసుకుంటే ఇంట్లోని సామానుకు కూడా దానంతట అదే కొంత బీమా వస్తుంది. భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు. గాలి కప్పును ఎగరగొట్టి, ఆ సందులోంచి వాన పడి టీవీ పాడైతే దాన్ని కూడా అడగవచ్చునన్న మాట. కప్పు లేని ఇంట్లో దొంగలు పడితే? గాలి వచ్చిన 7 రోజులలోపు, ఆ నష్టాన్ని ఆసరాగా చేసుకుని జరిగిన దొంగతనానికి కూడా ఇందులో చోటుంది.

1988లో కేంద్ర ప్రభుత్వం పల్లెల్లోని పేదల కోసం గుడిసెల బీమా పథకం ఒకటి పెట్టింది. గుడిసె కాలిపోతే 1,000 రూపాయలు, లోపలి సామానుకు 500 రూపాయలు ఇచ్చేవారు. అది నిప్పుకు మాత్రమే. పెద్దవాళ్ళలో కొందరికి "ఇంటి బీమా అంటే అగ్గికే" అన్న మాట నిలిచిపోవడానికి అలాంటివి కూడా కారణం కావచ్చు. ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు.

గాలి పని, కాలం పని

ఇక అసలు సంగతికి వద్దాం. బీమా కంపెనీ గాలి చేసిన నష్టానికి డబ్బు ఇస్తుంది. కాలం చేసిన నష్టానికి ఇవ్వదు. కప్పు గురించి వచ్చే తగాదాలు చాలావరకు ఈ రెండింటి మధ్యనే పుడతాయి.

మా పెద్దమ్మ ఇంటి మీద మిగిలిన 8 రేకుల్లో 3 అప్పటికే చీలి ఉన్నాయి. రెండు వానాకాలాల కిందటే తారు పూసి నెట్టుకొస్తున్నారు. మేస్త్రి చూసి మెల్లగా అన్నాడు: "పెద్దమ్మా, ఈ మూడు గూడా రెండు దెబ్బలేసి పగలగొడదాం. వచ్చే సారుకు ఏం తెలుస్తాది? అన్నిటికీ దుడ్లు వస్తాయి."

ఆమె కాసేపు కప్పు వంక చూసింది. మూడు రేకులంటే ఆమెకు తక్కువ కాదు. చివరికి ఇలా అంది: "గాలి పగలగొట్టింది గాలి లెక్క. నువ్వు పగలగొట్టేది నా లెక్క. నా లెక్క తీస్కపోయి గాలి మీద రాయగూడదు నాయనా."

రెండు రోజుల తరువాత సర్వేయరు వచ్చాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి ప్రతి రేకునూ చూశాడు. కొత్తగా విరిగిన అంచు తెల్లగా ఉంటుంది. పాత చీలికలో పాచి, మసి, తారు ఉంటాయి. సుత్తి దెబ్బ తగిలిన చోట రేకు నక్షత్రంలా పగులుతుంది. గాలికి లేచిన రేకు హుక్కు దగ్గర చిరుగుతుంది. రోజూ ఇదే పని చేసే మనిషికి ఇది కనబడకుండా ఉంటుందా? పెద్దమ్మే ఆ మూడింటినీ చూపించి "ఇవి పాతవి సామీ" అని చెప్పింది. ఆయన 6 రేకులు, వంగిన రెండు ఇనుప పైపులు, హుక్కులు, కూలి, నానిన టీవీ, పరుపు రాసుకున్నాడు. వేరే ప్రశ్న ఏదీ అడగలేదు.

మేస్త్రి మాట విని ఉంటే ఏమయ్యేది? అబద్ధపు క్లెయిము అని తేలితే ఆ మూడు రేకులే కాదు, న్యాయంగా రావలసిన ఆరింటి డబ్బు కూడా పోతుంది. మోసం ఉన్న చోట పాలసీయే చెల్లదని షరతుల్లో రాసి ఉంటుంది.

మన ప్రాంతపు మిగతా కప్పులకు కూడా ఇదే న్యాయం. నాపబండల మిద్దెకు బండల సందులు కారితే అది మనం చేయించుకోవలసిన మరమ్మతు, గాలి నష్టం కాదు. మట్టిమిద్దెలో చెదలు తిన్న దూలం నాలుగు రోజుల ముసురుకు కూలితే, అది గాలివాన నష్టమని ఒప్పించడం కష్టం. బోద, తాటాకు, వెదురు, టార్పాలిన్ వంటి వాటితో కప్పిన దానిని కంపెనీలు "కచ్చా" కట్టడంగా లెక్కిస్తాయి. అలాంటిది ఉంటే పాలసీ తీసుకునేటప్పుడే ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. మా పెద్దమ్మ వంట కొట్టం ఇల్లు కట్టిన తరువాత వేసుకున్నది, పాలసీలో ఎక్కడా లేదు. దానికి పైసా రాలేదు. సర్వేయరు ఆ మాట చెప్పినప్పుడు ఆమె నొచ్చుకుంది గాని, తప్పు మనదే.

ఎంత ఇస్తారు?

భూమి ధర బీమాలోకి రాదు. గాలి భూమిని ఎత్తుకుపోదు కదా! ఇల్లు మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఉదాహరణకు 600 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,500 రూపాయల ఖర్చు అనుకుంటే 9 లక్షలు. అది భవనం బీమా మొత్తం. సామానుకు అందులో 20 శాతం, అంటే 1 లక్ష 80 వేలు దానితో పాటే వస్తుంది. ఇలాంటి ఇంటికి ఏడాది ప్రీమియం సాధారణంగా వందల రూపాయల్లోనే ఉంటుంది.

పాత పాలసీల్లో ఒక చిక్కు ఉండేది. 10 లక్షల ఇంటికి 5 లక్షలకే బీమా చేస్తే, 60 వేల నష్టం జరిగినా సగమే, అంటే 30 వేలే ఇచ్చేవారు. ఇల్లు పాతబడిందని తరుగు కూడా తీసేవారు. భారత్ గృహ రక్షలో తక్కువకు బీమా చేశారన్న కారణంతో ఇలా కోత పెట్టరు. బీమా మొత్తం వరకు, అయిన నష్టాన్ని ఇస్తారు. అలాగని కావాలని తక్కువ రాయకండి. ఇల్లంతా పోయిన రోజున ఆ తక్కువే గతి అవుతుంది.

కప్పు ఖర్చుకు పైన మరి కొన్ని ఖర్చులు కూడా వస్తాయి. పగిలిన రేకులు, చెత్త ఎత్తిపోయడానికి క్లెయిము మొత్తంలో 2 శాతం వరకు, ఇంజనీరు వంటివారి ఫీజుకు 5 శాతం వరకు. 80 వేల క్లెయిములో ఇవి 1,600, 4,000 రూపాయలు అవుతాయి. ఇల్లు ఉండడానికి వీల్లేకుండా పోతే, బాగయ్యేవరకు వేరే ఇంటి అద్దెకు కూడా పాలసీలో ఏర్పాటు ఉంది. అడగనిది ఎవరూ ఇవ్వరు గనుక వీటిని కూడా క్లెయిములో రాయండి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉన్న కప్పును ఉన్నట్టుగా నిలబెట్టడానికే బీమా. ఇదే సందు అని రేకులు తీసి స్లాబు పోయించుకుంటే, రేకుల లెక్క కంపెనీది, మిగతాది మనది. అలాగే మన రేకు ఎగిరిపోయి దారిన పోయేవారికి తగిలితే ఆ ఖర్చుకు ఈ పాలసీ రాదు. అరటికి చేసిన పంట బీమా ఇంటికి పనికిరాదు, ఇంటి బీమా తోటకు పనికిరాదు. ప్రార్థన మందిరం ఇల్లు కాదు గనుక దానికి వేరే పాలసీ అడగాలి. సంఘ పెద్దలు ఈ విషయం గమనించవలెను.

గాలి వెలిసిన తరువాత

1. ముందు మనుషులు, పశువులు. తెగిన కరెంటు తీగల దగ్గరకు పోవద్దు.

2. ఏదీ కదిలించకముందే ఫోటోలు తీయండి. బయట నుంచి, లోపల నుంచి, ఎగిరిపడిన రేకులు పడిన చోటనే. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోటో తీసే ఫోను ఉంది.

3. ఆ తరువాత వెంటనే టార్పాలిన్ కప్పండి. నష్టం పెరగకుండా చూసుకోవడం మన బాధ్యత. టార్పాలిన్, తాడు, కూలి రసీదులు దాచండి.

4. పగిలిన రేకులు, హుక్కులు సర్వేయరు చూసేవరకు పారేయకండి.

5. కంపెనీకి ఆ రోజే ఫోను చేసి క్లెయిము నంబరు రాసుకోండి. అప్పు ఉంటే బ్యాంకుకు కూడా తెలపండి. క్లెయిము ఫారం ఆలస్యం చేయకుండా, నష్టం తెలిసిన 30 రోజులలోపు ఇవ్వండి.

6. ఆ రోజు గాలి వచ్చిందనడానికి సాక్ష్యం ఉంచుకోండి. పేపరు ముక్క, గ్రామ రెవెన్యూ అధికారి ఇచ్చే కాగితం, పక్క ఇళ్ళ ఫోటోలు. పేరు లేని గాలికి ఇవే సాక్ష్యం.

7. మేస్త్రి చేత విడివిడిగా అంచనా రాయించండి: రేకులు ఎన్ని, పైపులు ఎన్ని, కూలి ఎంత. "కప్పు మొత్తం ఇంత" అని గుండుగుత్తగా రాస్తే నమ్మకం కలగదు.

ఇంటి కాగితాల గురించి ఒక మాట. మన పల్లెల్లో చాలా ఇళ్ళు ఇంకా చనిపోయిన తాత పేరు మీదనే ఉంటాయి. పాలసీ ఒకరి పేరు, ఇంటి పన్ను మరొకరి పేరు, ఉండేది ఇంకొకరు అయితే క్లెయిము నడవడం కష్టం. నీడపట్టున కూర్చున్నప్పుడే అన్నదమ్ములు మాట్లాడుకుని పేరు మార్పించుకోండి.

అప్పు ఉన్న ఇంటికి క్లెయిము డబ్బు సాధారణంగా ముందు బ్యాంకుకే వెళుతుంది. మా పెద్దమ్మ విషయంలో మరమ్మతు బిల్లులు చూపించాక బ్యాంకు వారు ఆ మొత్తం విడుదల చేశారు. ఈ సంగతి ముందే తెలిస్తే కంగారు ఉండదు.

సర్కారు సాయం

"బీమా ఎందుకు, సర్కారు ఇస్తుంది గదా" అనేవారు ఉన్నారు. విపత్తు సహాయ నిధి కింద 2022 నుంచి 2026 వరకు నిర్ణయించిన నిబంధనలు చూడండి. పక్కా ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1 లక్ష 20 వేలు. కొంత భాగం, కనీసం 15 శాతం, దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. పశువుల కొట్టానికి 3,000. ఆరు రేకులు పోయిన ఇంటికి ఆ సాయం కూలికి సరిపోవచ్చు, కప్పుకు చాలదు. పైగా అధికారులు వచ్చి నష్టం నమోదు చేసుకోవాలి. ఒక్క వీధిలో తిరిగిన సుడిగాలికి ఆ నమోదు ప్రతిసారీ జరుగుతుందని చెప్పలేము. అయినా బోద కొట్టం వంటి వాటికి అదే ఆధారం గనుక గ్రామ సచివాలయంలో తప్పక అర్జీ ఇవ్వండి.

కాదంటే ఎక్కడికి?

కంపెనీ క్లెయిము తోసిపుచ్చినా, మరీ తక్కువ ఇచ్చినా కారణం రాతలో అడగండి. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిము తోసిపుచ్చరాదని 2024లో ఐఆర్‌డీఏఐ ఉత్తర్వు ఇచ్చింది. ముందు కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సమ్మతం కాకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు ఆయన తీర్పు చెప్పగలరు. ఐఆర్‌డీఏఐ వారి ఉచిత ఫోను నంబరు 155255.

చివరి మాట

గాలిని మనం ఆపలేము. తుప్పు పట్టిన హుక్కును మాత్రం మార్చగలము. మా పెద్దమ్మ ఇంటి రేకులు లేచింది గాలి బలంతోనే కాదు, అంచున నాలుగు హుక్కులు తుప్పు పట్టి సగం అయి ఉన్నందువల్ల కూడా. గాలి మొదట అంచు రేకును పట్టుకుంటుంది. అది లేస్తే పక్కది తేలిక అవుతుంది. కాబట్టి మాఘ, ఫాల్గుణాల్లోనే ఒకసారి నిచ్చెన వేసి చూడండి. అంచు రేకులకు హుక్కులు దగ్గర దగ్గరగా వేయించండి, వదులైనవి బిగించండి, ఇంటి మీదికి వాలిన వేపకొమ్మ నరికించండి. ఎవరైనా కప్పు ఎక్కేటప్పుడు నేరుగా రేకు మీద కాలు పెట్టవద్దు, పలక వేసుకుని దాని మీద నడవాలి.

ఆ ఏడు మిరప అమ్మిన డబ్బుతో పెద్దమ్మ ఆ మూడు పాత రేకులు కూడా మార్పించింది, హుక్కులన్నీ కొత్తవి వేయించింది. వంటగదికి బోద మానుకుని రేకులు వేసుకుంది. మా అన్న వెళ్ళి దాన్ని పాలసీలో చేర్పించాడు. ఇప్పుడు ఆ కాగితం ఇంటి పన్ను రసీదులతో కలిసి ఒకే కవరులో ఉంటుంది. పోయిన వేసవిలో గాలి లేచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అరటి తోట వైపు చూసి ఆమె "అయ్యో" అంది గాని, ఈసారి ఇంటి కప్పు వైపు చూడలేదు.

మీ ఇంటి కాగితం ఎక్కడ ఉందో ఈ రాత్రే వెదకండి.